నీలి మచ్చ

సోమవారమంటే మా వీధిలో బట్టల రోజు. పొద్దున్నే ఎర్ర బీన్సు గింజలు పొయ్యి మీద పడేసి, అవి ఉడికేలోగా ఒడీలియా దుప్పట్లు ఉతికి పెరట్లో ఆరేసేది. ఒకప్పుడు నది గట్టు దాకా ప్రతి పెరట్లోనూ దుప్పట్లు ఊగేవి. ఇప్పుడు ఆమెవి మాత్రమే.

ఆమె ఆరేసిన దుప్పటి మీద, దాన్ని వాడే మనిషికి ఎక్కడ జబ్బుంటే అక్కడ నీలి మచ్చ పడేది. అందరూ తెచ్చి ఉతికించుకుని, మచ్చ చూసుకుని ఆసుపత్రికి పోయేవాళ్ళు. ఎగువన తెల్లవాళ్ళ పేటలో ఆమె ఇరవై ఏళ్ళు బట్టలుతికితే మచ్చ పడింది రెండే సార్లు. మా నల్లవాళ్ళ ఇళ్ళని ఆనుకుని రసాయనాల ఫ్యాక్టరీ లేచాక, మా వీధిలో మచ్చలేని దుప్పటే కరువైంది. ఒడీలియా మొగుడికి గొంతు దగ్గర పడింది, చెల్లెలికి రొమ్ము దగ్గర. ఇద్దరూ పోయారు. మిగిలినవాళ్ళు ఊరొదిలారు. రేడియోలో వాతావరణం చెప్పేవాడికి ఒడీలియా జవాబులిస్తూ బతికేది.

మార్చిలో పక్కింటి రోషెల్ తిరిగొచ్చింది. పట్నంలో అద్దె కట్టలేక, చనిపోయిన తల్లి ఇంట్లో దిగింది.

"అత్తా, ఇంకా ఉన్నావా?"

"పోదామంటే తోడెవరూ రాలేదే. ఆ పొట్టేంటి?"

"నాలుగో నెల."

ఆ రోజు నుంచి ఒడీలియా ఇంట్లో రెండు కంచాలు. ఎన్నాళ్ళకో వంటింట్లో నవ్వులు.

మూడో సోమవారం ఒడీలియా రోషెల్ దుప్పటి ఉతికింది. నడిమధ్యన నిమ్మకాయంత మచ్చ. అది రోషెల్‌ది కాదు, కడుపులో బిడ్డదని చూడగానే తెలిసింది. బ్లీచ్ పోసి మళ్ళీ ఉతికితే ఇంకా ముదిరింది. మడిచి బీరువాలో పెట్టేసి, తన దుప్పటి ఇచ్చింది. వారమంతా రోషెల్ కబుర్లు చెబుతుంటే ఆమె బీరువా వైపు చూడకుండా వడ్డించింది.

మళ్ళీ సోమవారం ఒడీలియా ఆ దుప్పటి తీసి రోషెల్ ముందు బల్ల మీద పరిచింది.

"ఇదెప్పుడు పడింది?"

"పోయిన వారం."

"వారం దాచావా?"

"చెబితే వెళ్ళిపోతావని."

రోషెల్ దుప్పటి మడిచి పక్కన పెట్టింది. తర్వాత లేచి పెట్టె సర్దుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "నువ్వూ రా అత్తా. ఉత్తరాన మా అక్క ఇంట్లో చోటుంది."

"మా ఆయనా చెల్లీ ఇక్కడే మట్టిలో ఉన్నారు. నువ్వు పో తల్లీ, బస్సు తప్పిపోతుంది."

ఆగస్టులో ఫోను మోగింది.

"అత్తా, విను."

పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

"ఆడపిల్ల. ఏ లోపమూ లేదు, వేళకి ఆ ఊరు వదిలి మంచి పని చేశావన్నారు డాక్టర్లు."

"దాని గొంతు చూడవే!" అని నవ్వింది ఒడీలియా.

లైను తెగిపోయింది. ఆమె మాత్రం ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, "ఏడవనీ, ఏడవనీ," అంటూ కూర్చుంది.