మారిసోల్‌కు తొడిగిన జాకెట్లు

ఏడు సముద్రాలవతల మారిసోల్ అని ఒక గాయని ఉంది. స్పానిష్‌లో పాడుతుంది. ఆమె స్టేజి ఎక్కితే స్టేడియాలు ఊగిపోతాయి, ఆమెకు బట్టలు కుట్టడానికి పారిస్‌లో పేరుమోసిన దర్జీలు పోటీలు పడతారు. అంతటి మనిషికి, ఒకటి కాదు రెండు కాదు, వేలకు వేలు పొడుగు చేతుల జాకెట్లు తొడిగిన మొనగాడు మన నెల్లూరు జిల్లా ఉదయగిరి వాడు. పేరు ఇమామ్ హుస్సేన్. అన్ని జాకెట్లకూ ఒక్కసారి కూడా కొలతలు తీసుకోలేదు, ఒక్క జానెడు దారం ఖర్చు పెట్టలేదు. నమ్మితే నమ్మండి.

రెండువేల ఏడు ఆగస్టులో ఆ రోజు పొద్దున కూడా ఆయన ఆ పనిలోనే ఉన్నాడు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో టైర్ల షాపుకీ వెల్డింగ్ షెడ్డుకీ మధ్య ఇరుక్కున్న గోడౌను. దాని వెనకగదిలో ఒక రేకు బల్ల, బల్లమీద ట్యూబులైటు, కుడిపక్క విప్పిన కాగితాల దొంతర, ఎడమపక్క ఆరబెట్టిన కాగితాల వరస. ఇమామ్ హుస్సేన్ బక్కపల్చటి మనిషి. వంగి వంగి పనిచేసిన మెడ కాస్త ముందుకు పొడుచుకొచ్చి, నిలబడినా ఏదో వెతుకుతున్నట్టే ఉంటుంది. కళ్ళజోడుకు ఒకపక్క కాడ విరిగితే నల్లదారం కట్టుకున్నాడు. నలభై ఏళ్ళ సూదిపోట్లకు కాయకాచిన వేళ్ళతో కాగితాన్ని అదిమిపట్టి, మార్కర్‌తో మారిసోల్ భుజం దగ్గర మొదలెట్టి మణికట్టు దాకా ఒక్క గీతలో దిగాడు.

అవును, మార్కర్‌తోనే. సీడీ అట్టమీద బొమ్మకే ఆ జాకెట్లు. మీరు నా మాట విని పారిస్ దాకా పోయుంటే, వెనక్కి రండి.

బయటిదేశాల నుంచి దిగిన సీడీల మీద ఆడమనిషి చేతులో నడుమో కనబడితే, అంగడికి పంపేముందు ఆ గోడౌనులో నల్లసిరాతో కప్పాలి. మామూలుగా ఎవరైనా బరబరా గీకి పారేస్తారు. ఇమామ్ హుస్సేన్‌కు చేతులు రాలేదు. దర్జీ అన్నవాడు మనిషి ఒంటిమీద బొగ్గుమసి పూస్తాడా? భుజం కుట్టు ఎక్కడ పడాలో, చంక దగ్గర ఎంత వదులుండాలో చూసుకుని గీసేవాడు.

మారిసోల్ ఆయనకు కొత్త కాదు. రెండేళ్ళ కిందట ఆమె స్పానిష్ సీడీలు ఒకటో రెండో డబ్బాలు వచ్చేవి. వాటిమీద నిండా గౌను వేసుకుని, ఒళ్ళో గిటారు పెట్టుకుని కూర్చునేది. కప్పడానికి ఏమీ ఉండేది కాదు, కొనేవాళ్ళూ ఉండేవాళ్ళు కాదు. ఈ ఏడాది ఇంగ్లీషు వాళ్ళకోసమని ఇంగ్లీషులో పాడింది. దానికి జుట్టు తడుపుకుంది, గౌనుకు చేతులు తీసేసింది, నడుం బయట పెట్టింది. ఇప్పుడు లారీలకు లారీలు వస్తున్నాయి.

డబ్బాలు మోసే పర్శరాములు ఆ పాటలు పొద్దస్తమానం టేప్‌లో పెట్టేవాడు. ఇమామ్ హుస్సేన్‌కు స్పానిష్ రాదు, ఇంగ్లీషూ రాదు. కానీ పాత సీడీలో ఆమె ఇంట్లోవాళ్ళతో మాట్లాడుతున్నట్టు పాడేది. కొత్తదాంట్లో ఒక్కో మాట చూసి చూసి పెడుతోంది, తాను ముదీర్ ముందు, అంటే గోడౌను మేనేజరు ముందు, నిలబడి మాట్లాడేటప్పటిలాగా. పాపం, ఈమెకు కూడా ఎవరో మేనేజరు ఉండే ఉంటాడని ఆయనకు అనిపించేది.

తలుపు తెరుచుకుంది. ముదీర్ ఫరాజ్ లోపలికొచ్చాడు. హైదరాబాదు వాడు, పొట్ట ముందొచ్చి తను వెనకొచ్చే మనిషి. చేతిలో ఒక సీడీ ఉంది.

"క్యా మియా, ఇది నువ్వే గీసినవా?"

ఇమామ్ హుస్సేన్ లేచి నిలబడ్డాడు. "జీ సాబ్."

"ఈ మెడ కాడ తెల్లగ మెరుస్తున్నదేంది?"

నల్లజాకెట్టుకు మెడచుట్టూ ఒక పట్టీ, మెడ నుంచి రొమ్ముల మధ్యగా కిందికి దిగే ఇంకో పట్టీ. రెండు దిర్హముల దుకాణంలో కొన్న వెండిరంగు పెన్నుతో వేసిన సన్నటి అల్లిక. ఉమ్ అల్ క్వైన్ అనే ఊళ్ళో పద్దెనిమిదేళ్ళు ఆయన కుట్టింది లోకల్ అరబ్బు ఆడవాళ్ళ బట్టలే. జరీ పట్టీ వెయ్యందే మెడ పూర్తయినట్టు ఆయన చేతికి తెలియదు. వెండి పెన్ను కొన్న దగ్గర్నుంచీ చెయ్యి దానంతటది అటు పోయింది. బొమ్మకు అందమొచ్చింది, అంతే అనుకున్నాడు.

"ఊరికే... ఖాళీగా ఉంటే ఏం బాగుంటదని, సాబ్."

"బాగుంటదా? ఇది ఇక్కడి వాళ్ళ అమ్మలు, అక్కచెల్లెండ్లు ఏసుకునే బట్ట మియా! నాచ్‌గానా చేసేదానికి తొడిగినవ్! దుకాణంల ఒక లోకల్ ఆఫీసర్ దీన్ని చేతిల పట్టుకోని చాలాసేపు చూసిండట. ఎవరు గీసిండ్రని అడిగి, మన అడ్రస్ రాసుకోని పోయిండు. మధ్యాహ్నం జొహర్ నమాజు అయినంక వస్తడట."

ఫరాజ్ గొంతు తగ్గించాడు. అరిచినప్పటికంటే అప్పుడే ఎక్కువ భయమేసింది.

"సునో. ఆయన కార్డు అడిగితే, నువ్వెవరో నాకు తెల్వదు. ఖలాస్."

అదీ అసలు సంగతి. ఇమామ్ హుస్సేన్ లేబర్ కార్డు మీద ఈ గోడౌను పేరు లేదు. రెడీమేడ్ బట్టలొచ్చి ఉమ్ అల్ క్వైన్ దర్జీకొట్టు మూతపడ్డాక, వీసా ఇప్పించిన అరబ్బు యజమాని, కఫీల్ ముసలాయన, మంచివాడు కనుక దాన్ని అలాగే ఉంచాడు. వీసా అక్కడ, పని ఇక్కడ. దొరికితే జైలు. కంటిపాపను మిషనుతో ఫొటో తీస్తారట, ఇక ఏ జన్మలోనూ ఈ గడ్డమీద కాలు పెట్టనివ్వరట. ఊళ్ళో కూతురు సమీనా నర్సు చదువు రెండో ఏడు. అది సగంలో ఆగిపోతుంది.

ఆయన కూర్చోబోయి స్టూలు తప్పి, బల్ల పట్టుకుని నిలదొక్కుకున్నాడు. వెండి పట్టీల మీద మార్కర్ రుద్దడం మొదలెట్టాడు. రుద్దేకొద్దీ నలుపు కింద నుంచి వెండి ఇంకా మెరిసింది. ఇక్కడున్నవి చెరిపినా ప్రయోజనమేముంది? పోయినవి అబుదాబి దాకా పోయాయి. ప్రతి దుకాణంలోనూ మారిసోల్ తన చేతిపనిని మెడలో వేసుకుని నిలబడి ఉంది, సాక్షి మాదిరి.

పర్శరాములు డబ్బా దించి ఆయన వాలకం చూశాడు. కథంతా విని మీసం దువ్వుకున్నాడు.

"ఏంది చాచా, గింత దానికే గట్ల వణుకుతున్నవ్? పట్టుకుంటే ఇంటికి తోలిస్తరు. విమానం టికెట్ గూడ ఆళ్ళే కొంటరు. మా ఊరోడు గట్లనే ఫుకట్ల పోయిండు, ఏసీల కూసోని."

"నోరు ముయ్యబ్బా. నీకేం, నీ కార్డు మీద ఈ గోడౌను పేరుంది."

"జైల్ల ఐతారం బిర్యానీ పెడ్తరట."

"ఒరే, నీకు దండం పెడతా."

పర్శరాములు నవ్వు ఆపాడు. ఆ ముసలి చెయ్యి నిజంగానే దండం పెట్టడానికి లేచింది, లేచి అక్కడే వణుకుతోంది. "సరే చాచా, అననుతియ్. ఎనక షట్టర్ తాళం తీసి పెడ్త. కండ్లు గటు పెట్టు, చెవులు గిటు పెట్టు" అని బయటికెళ్ళి, పోతూ పోతూ టేప్ ఆపేశాడు.

పాట ఆగాక భయం ఇంకా పెరిగింది. ఇప్పుడు రోడ్డు మీద ప్రతి బండీ వినబడుతోంది. లారీ అయితే ఊపిరి వదులుతాడు. చిన్నబండి అయితే బిగబడతాడు. ఒక గంటలో ఎన్నిసార్లు పాయఖానాకు పోయాడో ఆయనకే తెలియదు. తాను పడుకునే గదిలోనే ఉండే గుంటూరు వంటాయన గుర్తొచ్చాడు. పోయిన నెల పొయ్యిమీద టీ మరుగుతుంటే పోలీసులు పట్టుకుపోయారు. చెప్పులు వేసుకుంటానంటే వేసుకోనిచ్చారు, స్టవ్ ఆపుతానంటే ఆపనివ్వలేదు. మాడిన గిన్నె ఇంకా అలాగే ఉంది. దాన్ని తోమితే ఆయన ఇక రాడని ఒప్పుకున్నట్టవుతుందని ఎవరూ ముట్టలేదు.

ఫోన్ మోగేసరికి మార్కర్ చేతిలోంచి ఎగిరిపడింది. ఊరి నుంచి భార్య జైబున్నీసా.

"యాడున్నారు? అన్నం తిన్నారా?"

"కొట్లో ఉన్నా. కుడతా ఉన్నా." దర్జీకొట్టు మూతపడ్డ సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు.

"మిషను చప్పుడు లేదే?"

"చేతికుట్టు."

"గొంతేంది అట్టుంది? జొరమా?"

"ఏసీ ఎక్కువ పెట్టారు."

"దుప్పటి కప్పుకోండి మరి. అందురూ దుబాయిలో ఎండలు ఎండలు అంటారు, మీరొక్కరే చలంటారు. ఇదో, సమీనా ఆడ ఆస్పత్రిలో మనిషికి సూది వేసిందంట. వేసేటప్పుడు చెయ్యి వణకలేదంట, మా అబ్బా చెయ్యే నాకొచ్చిందని చెప్పుకుంటా ఉంది."

ఇమామ్ హుస్సేన్ తన కుడిచేతిని చూసుకున్నాడు. ఎడమచేత్తో దాని మణికట్టు పట్టుకున్నాడు. "మళ్ళీ చేస్తా" అని పెట్టేశాడు.

జొహర్ నమాజు బల్ల పక్కనే చదువుకున్నాడు. సజ్దాలో నుదురు నేలకానించినప్పుడు మాత్రమే ప్రాణం తెరిపిన పడింది. అక్కడి నుంచి లేవబుద్ధి కాలేదు. లేచి, చేతులను ఊరికే ఉంచలేక ఇంకో కాగితం తీసుకున్నాడు. వెండి పెన్ను ముట్టలేదు. ఎడమ భుజం నుంచి మొదలెట్టి ఆ చెయ్యి పూర్తి చేశాడు. కుడి భుజం మీద మార్కర్ ఆనించాడు.

బండి ఆగింది. లారీ కాదు.

ముందుగదిలో షట్టరు సగానికే ఎత్తి ఉంది. లోపలి తలుపు సందులోంచి చూస్తే షట్టరు కింద మొదట తోలుచెప్పులు, వాటి మీదికి జారుతున్న తెల్లటి కందూరా, అరబ్బుల పొడుగు అంగీ, అంచు కనబడ్డాయి. ఆ కుట్టు దగ్గర్నుంచి చూస్తే ఏ దర్జీదో కూడా చెప్పగలిగే మనిషి, ఆ క్షణంలో తెలుపు ఒక్కటే చూశాడు. "అస్సలాము అలైకుమ్" అన్న గొంతు. ఫరాజ్ కుర్చీ జరిగిన చప్పుడు.

ఇమామ్ హుస్సేన్ పరిగెత్తలేదు. గోడ పట్టుకుని, పాయఖానాకు పోతున్నవాడిలాగే నడిచి, వెనక షట్టరు కింద వంగి ఎండలోకి వెళ్ళిపోయాడు. అటునుంచి అటే ఉమ్ అల్ క్వైన్ పోయి, కఫీల్ ముసలాయన ముందు కూలబడి, తన వీసా తానే క్యాన్సిల్ చేయించుకున్నాడు. ఆ ముసలాయన ఎందుకని నాలుగుసార్లు అడిగాడు. ఆ వారంలోనే విమానమెక్కాడు. ఇప్పుడు ఉదయగిరిలో వసారాలో కుట్టుమిషను పెట్టుకున్నాడు. వీధిలో జీపు హారన్ మోగితే పాదం పెడలు మీంచి దానంతటదే లేస్తుంది. సమీనా చదువు ఏడాది ఆగింది.

ఇంతకీ ఆ ఆఫీసరు ఎందుకొచ్చాడంటారా? ఆయన తల్లి ముసలావిడ, ఇల్లు కదలదు. మనవరాలి చేతిలో ఆ సీడీ చూసి, "ఈ మెడ కుట్టింది మా ఉమ్ అల్ క్వైన్ దర్జీ. నా పెళ్ళీడు బిడ్డలందరికీ ఆయనే కుట్టాడు. ఎక్కడున్నా తీసుకురా" అని పంపిందట. ఆఫీసరు మెత్తగా నవ్వుతూ ఆ మాటే చెప్పాడట.

ఈ తల్లి ముక్క మాత్రం నేను కల్పించిందే. కథ ఇక్కడిదాకా వచ్చాక, ఆ మనిషి అంత భయపడి పోయాక, మంచిమాట ఒకటి లేకుండా ముగించడానికి నాకు మనసొప్పలేదు. పర్శరాములు చూసింది ఇంతే. ఆఫీసరు సులేమానీ టీ తాగాడు. వెనకగదిలోకి వచ్చి ఖాళీ స్టూలు చూశాడు. ఏదో అడగబోయి, అడగకుండానే వెళ్ళిపోయాడు. ఎందుకొచ్చాడో ఎవరికీ తెలియదు.

బల్లమీద మూత తీసిన మార్కర్ పక్కన మారిసోల్ ఉంది. ఎడమచేతికి మణికట్టు దాకా నల్లటి జాకెట్టు చెయ్యి, కుడి భుజం మీద ఒక్క చుక్క. ఆ చుక్క చుట్టూ సిరా కాగితంలోకి ఇంకుతూ, మెల్లగా పెద్దదవుతోంది.