ఒకే స్విచ్చు, ఇద్దరు తోడికోడళ్ళు

ఆ వీధిలో బేకరీ పెద్దకోడలిది, పక్కనే లాండ్రీ చిన్నకోడలిది. మధ్య గోడ ఒక్కటే. మాటల్లేక మాత్రం చాలా ఏళ్లయింది. గొడవేమిటో ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు. పట్టుదల మాత్రం బాగా గుర్తుంది.

వాళ్ల ఆడపడుచు కరెంటు ఇంజనీరు. కరెంటు చీటికీ మాటికీ పోతోందని వీధివాళ్లంతా కలిసి సొంత ఏర్పాటు చేసే పని ఆమెకు అప్పగించారు. డాబాల మీద సోలార్ పలకలు పెట్టించింది, వీధి చివరి గదిలో పెద్ద బ్యాటరీ అమర్చింది. అన్నీ కుదిరాయి, సాయంత్రం తప్ప. సరిగ్గా పొద్దుగూకే వేళకే అటు బేకరీ పొయ్యి, ఇటు లాండ్రీ డ్రయ్యరు మొదలయ్యేవి. ఆ రెండూ కలిసి తాగేస్తే, వీధి దీపాలకు మిగిలేది శూన్యం.

"పెద్దొదినా, మధ్యాహ్నం కాల్చుకోరాదూ? అప్పుడు ఎండ బోలెడు!"

"ముందు దాన్ని మార్చుకోమను."

"చిన్నొదినా, పోనీ నువ్వైనా..."

"ఆవిడ మారాక చూద్దాంలే."

అడకత్తెరలో పోకచెక్కలా నలిగిన ఆడపడుచు, విసుగెత్తి రెండు షాపులకూ కలిపి ఒకే స్విచ్చు పెట్టింది. పొయ్యి వెలిగితే డ్రయ్యరు తిరగదు, డ్రయ్యరు తిరిగితే పొయ్యి వెలగదు.

మర్నాడు పెద్దావిడ, స్విచ్చు ముందు తనకే దక్కాలన్న పంతం కొద్దీ, మధ్యాహ్నమే పొయ్యి వెలిగించింది. చిన్నావిడ తడిబట్టల గుట్ట ముందు కాసేపు ఓపిక పట్టింది. ఇక పట్టలేక గోడ మీదుగా కేకేసింది.

"అక్కా! ఇంకా ఎంతసేపు?"

అక్కా అన్న పిలుపుకి పెద్దావిడ చేతిలో పళ్లెం అలాగే ఆగిపోయింది.

"రొట్టె కాలొద్దూ? అయినా ఇంత ఎండ పెట్టుకుని ఆ మిషనెందుకే నీకు? డాబా మీద ఆరేసుకో!"

"ఎక్కడ? మా డాబా నిండా ఈ ఇంజనీరమ్మ పలకలే!"

"మాది సగం ఖాళీయేగా. పట్టుకురా, తాడు నేను కడతా."

సాయంత్రం ఆడపడుచు మీటరు చూసి కళ్లు నులుముకుంది. డ్రయ్యరు అసలు తిరగనే లేదు. బ్యాటరీ నిండుకుండలా ఉంది. వానాకాలానికి వేరే లెక్క వేసుకోవాలనుకుంటూ ఆదరాబాదరా పెద్దొదిన డాబా ఎక్కింది. వదినలిద్దరూ చెరో కొసా పట్టుకుని దుప్పటి మడతపెడుతూ పకపకా నవ్వుతున్నారు.

"ఆ స్విచ్చు పెట్టే దిక్కుమాలిన బుద్ధి ఎవరిచ్చారే నీకు?" అంది పెద్దావిడ.

"ఒకరివ్వాలా అక్కా? పుట్టుబుద్ధి!" అందుకుంది చిన్నావిడ.

ఇద్దరూ ఒక్కటై తనని తిడుతుంటే ఆడపడుచుకు కడుపు నిండిపోయింది.

"ఊరికే నిలబడి నవ్వుతావేం? ఆ చొక్కాలు తియ్యి!" అన్నారిద్దరూ.