వాడకంతా ఒకటే ప్లేటు

ఆ రోజు మా ఇంట్లో ఉన్నది నేను, నన్ను కన్న మా అవ్వ లస్మవ్వ, నైట్ షిఫ్టు దిగి వచ్చి కూడా పడుకోని మా బాపు పోశం, పక్కింటి సారవ్వ, చంటిపిల్లతో యమునక్క. వాకిట్లో వాడంతా ఉంది. మా రేకుల మీదున్న సోలార్ ప్లేటుకు కావలి కాస్తున్నాం.

ఓపెన్ కాస్టు బొగ్గు గని మా ఊరి వెనక్కి వచ్చాక కరెంటు స్తంభాలు పీకేశారు. ఖాళీ చేయబోయే ఊరికి లైను ఎందుకన్నారు. మా వాకిట్లో నిలబడితే పవర్ హౌస్ పొగ గొట్టాలు కనిపిస్తాయి. ఇంట్లో మాత్రం గ్యాస్ నూనె బుడ్డి దీపం. అప్పుడు సర్కారు పథకం వచ్చింది. ఇంటి మీద సోలార్ పెట్టుకుంటే చాలావరకు సబ్సిడీ అన్నారు.

కాంట్రాక్టర్ నర్సింగం ఒక్కో ఇంటికి ప్లేటు బిగించి, ఇంటివాళ్లను దాని కింద నిలబెట్టి ఫొటో తీసేవాడు. తర్వాత బ్యాటరీ ఖరాబైందని, మంచిది తెస్తానని అంతా విప్పుకుపోయేవాడు. ఎవరికి వాళ్లు తమదే ఖరాబైందనుకున్నారు.

చివరికి ప్లేటు మా ఇంటికి వచ్చింది. మోటరు కొన్నా సైకిలు కొన్నా మావాళ్లు బొట్టు పెడతారు. అవ్వ పెట్టబోతే, ఫ్రేము మూలన అప్పటికే పసుపు పొరలు పొరలుగా ఎండి ఉంది. సారవ్వ గోటితో గీకింది. తన ఇంటి మీద బిగించిన రోజు కుంకుమ దొరక్క నుదుటి స్టిక్కరు తీసి అంటించిందట. అది అక్కడే ఉంది.

"ఇది నా ఇంటి మీదిదే" అంది సారవ్వ. మాదీ ఇదేనని యమునక్క అంది. ఒక్కొక్కరే వచ్చి చూసుకున్నారు.

ఆ సాయంత్రం వాడంతా కూర్చుని కొట్లాడుకుంది. ఆఫీసర్లకు కోపం వస్తే, ఊరు ఖాళీ చేసినందుకు ఇస్తామన్న ఇంటి జాగాలు కూడా పోతాయని కొందరు భయపడ్డారు. మన చేతిలో ఉన్న సాక్ష్యం ఈ ఒక్క ప్లేటేనని, పథకం విచారణకు రేపు ఆఫీసర్ వస్తున్నాడని, అప్పటిదాకా దాన్ని కదలనియ్యొద్దని బాపు అన్నాడు. చివరికి అందరూ సరేనన్నారు.

మరునాడు కావలి కాస్తుండగా మధ్యాహ్నం నర్సింగం వచ్చాడు.

"సబ్సిడీ మీ పేర్ల మీదనే పడ్డది. ఫొటోలల్ల నిలబడ్డది మీరే. ఇప్పుడు లేదంటే దొంగలు మీరే అయితరు."

"మమ్ముల ఎండల నిలబెట్టి నువ్వు వెలుగుల పడ్డవు గద బిడ్డా" అంది సారవ్వ.

అందరూ నవ్వారు. నర్సింగమూ నవ్వి, గల్లీ చివర బండి మీద కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో మాకు తెలియలేదు.

గనిలో బ్లాస్టింగు సైరన్ కూసింది.

మా గోడలన్నీ పగుళ్లే. సైరన్ వినగానే ఇల్లు విడిచి రోడ్డు మోరీ దాకా నడవడం ఏళ్లుగా మా కాళ్లకు అలవాటు. ఎవరూ పొమ్మనలేదు. అవ్వ పొయ్యి మీది గిన్నె దించింది. యమునక్క పిల్లను ఎత్తుకుంది. కావలి ఉన్నవాళ్లమే లేచి నడిచాం. మోరీ దగ్గర చెవులు మూసుకున్నాక బాపుకు తట్టింది.

"అరే, ఇల్లు" అన్నాడు.

నేల అదిరింది. దుమ్ము అణిగేసరికి మా రేకుల మీద నర్సింగం మనుషులు ఇద్దరున్నారు.

అందరం ఉరికాం. సారవ్వ నిచ్చెన లాగి కింద పడేసింది. ప్లేటు చేతుల్లో పట్టుకుని వాళ్లు మీదే నిలిచిపోయారు. ఆడవాళ్లు నిచ్చెన మీద వరుసగా కూర్చున్నారు. ఆఫీసర్ జాడ లేదు. పోలీసు జీపు వచ్చింది.

ఎస్సై లెమ్మన్నాడు. ఒక్కరూ లేవలేదు. కానిస్టేబుళ్లు బాపు రెక్క పట్టి జీపు వైపు లాగారు.

"ఒకటే ప్లేటు తిరిగిందంటానికి సాక్ష్యమేంది?" అన్నాడు ఎస్సై.

"ఫ్రేము మూలకు సూడు సారూ" అన్నాడు బాపు.

పైన ఒకడు తువ్వాల తడిపి ఆ మూలనే తుడుస్తున్నాడు. గడప దిగి నిలబడ్డ నాకు కనిపిస్తోంది. నలుగురిలో నేనెప్పుడూ నోరెత్తలేదు.

"బొట్లు తుడుస్తున్నడు. నేను సూస్తున్న" అన్నాను.

ఎస్సై నా వైపు తిరిగాడు. "ఎవల పిల్ల ఇది?"

అవ్వ నిచ్చెన మీది నుంచి లేచి వచ్చింది. నన్ను లోపలికి నెట్టింది.

"చెప్పనియ్యి అవ్వా."

"బాపును కొంచవోతున్నరు. నిన్ను గూడ కొంచవోతరు."

నెత్తి మీద రేకులు చప్పుడవుతున్నాయి. తలుపు సందులోంచి చూశాను. నిచ్చెన మీద అవ్వ లేచిన చోట ఎవరూ కూర్చోలేదు. సారవ్వ చెయ్యి అడ్డం పెట్టి ఆ చోటు కాపాడుతోంది.

అవ్వ తలుపు మూసి బయట గొళ్లెం పెట్టింది.