గోడకి అడ్డం నిలబడ్డ కాశమ్మత్త

పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌కి పగిలిన గోడల ఫొటోలు అప్పగిస్తే ఏమవుతుందో తెలియాలంటే వన్‌టౌన్‌లో ఉమాశంకర్‌ని అడగాలి. అడిగితే చెప్పడు, అది వేరే సంగతి.

ఆ రోజు కాఫీల వేళకి భూమి కదిలింది. పెద్ద కదలికేం కాదు. రుషికొండ వైపు అద్దాల మేడల్లో కప్పులో కాఫీ తొణికిందట, అంతే. హార్బరు దగ్గరి ఈ పాత వీధి సంగతి అలా కాదు. ఇక్కడివి సున్నం గోడలు, ఉప్పుగాలికి ఎప్పుడో నీరసించిపోయిన గోడలు. వాటికి ఆ మాత్రం చాలు. రెండు పిట్టగోడలు పడ్డాయి, ఇల్లిల్లూ ఎక్కడో ఒకచోట నోరు తెరిచింది. దేవుడి దయవల్ల మనుషులకేం కాలేదు.

వార్డు ఇంజినీరు జ్యోతిర్మయి ఫోను పట్టుకుని గడపగడపకీ తిరిగింది. అన్నీ చీకటి గదులు, మసిపట్టిన గోడలు. ఆ ఫొటోల్లో ఏది పగులో ఏది బూజో తేలలేదు. పై ఇంజినీర్లు ఫొటోలు చూసే, ముందు ఏ ఇంటికి రావాలో నిర్ణయిస్తారు. అందుకని వీధి మొగలో స్టూడియో నడుపుతున్న ఉమాశంకర్ దగ్గరికొచ్చి, "అన్నయ్యా, మీ కెమెరా, లైట్లు పట్టుకుని కాస్త సాయం చెయ్యరూ" అంది.

"అదెంత పనమ్మా" అన్నాడు ఉమాశంకర్.

ఎంత పనో మర్నాడు తెలిసింది. ఉమాశంకర్ ఫొటోలు తీస్తున్నాడన్న మాట చెవిన పడగానే వీధి వీధంతా తలంట్లు పోసుకుంది. గురునాథరావుగారు ఇస్త్రీ చొక్కా తొడిగి, పడిపోయిన పిట్టగోడ ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. దేముడమ్మ మనవరాలి పెళ్లినాటి పట్టుచీర బయటికి తీసింది. ఇల్లు పగిలితే పగిలింది, ఫొటోలో మనం బాగోకపోతే ఎలా? అలవాటుపడ్డ ప్రాణం, ఉమాశంకర్ మాత్రం ఊరుకున్నాడా? "గడ్డం కొంచెం దించండి బాబాయ్. అప్పా, నువ్విటు జరుగు. నవ్వాల" అంటూ ఒక్కొక్క కుటుంబాన్నీ ముచ్చటగా నిలబెట్టి తీశాడు.

జ్యోతిర్మయి స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చుని ఆ ఫొటోలన్నీ ఒక్కొక్కటే చూసింది.

"చాలా బాగున్నాయి అన్నయ్యా. పగుళ్లు ఎక్కడున్నాయండీ?"

"వాళ్ల వెనకాలున్నాయమ్మా."

ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. ఉమాశంకర్ తలగోక్కున్నాడు. కాశమ్మ ఫొటో దగ్గరికొచ్చేసరికి మాత్రం జ్యోతిర్మయి నవ్వు ఆగిపోయింది.

"ఈమె నన్ను గుమ్మం దాటనివ్వలేదండీ. పక్కసందులోంచి చూశాను. డ్రమ్ములూ పైపులూ అడ్డమున్నాయి గానీ, వెనకగది గోడ బయటికి ఉబ్బింది, అది తెలుస్తోంది. సముద్రంలో అల్పపీడనమంటున్నారు. వాన గట్టిగా పడితే ఆ గోడ ఆగదు. లోపలి పగులు ఫొటో ఒక్కటి పంపగలిగితే రేపే పెద్దవాళ్లని రప్పిస్తాను. పగులు పక్కన చెయ్యో గరిటో ఏదో ఒకటి ఉండాలి, ఎంత వెడల్పో తెలియడానికి."

ఉమాశంకర్ కుర్చీలోంచి లేచాడు. నిన్న కాశమ్మని ఆ గోడ ముందే నిలబెట్టి, "ఆనుకో అత్తా, ఇంకొంచెం ఆనుకో" అన్నది తనే.

కాశమ్మ అతనికి మేనత్త కాదు, ఏ చుట్టమూ కాదు. పక్కింటి మనిషి. అతని తల్లి మంచానపడ్డ రోజుల్లో పిలిచి అన్నం పెట్టిన మనిషి. పీతల పులుసు వండితే ఇప్పటికీ గిన్నె ముందు ఉమాశంకర్ ఇంటికే వస్తుంది. అతని భార్య రోజారమణి, "మీ అత్త చేతి వంట తింటే నా వంట మీకు సయించదు" అని దెప్పుతూనే ఆ గిన్నె తుడిచి మరీ తింటుంది. అలాంటి మనిషిని ఆ గోడ కింద ఎలా ఉంచడం? భోజనమైనా చెయ్యకుండా కెమెరా మెళ్లో వేసుకుని బయల్దేరాడు.

ఆకాశం అప్పటికే నల్లబడింది. కాశమ్మ పొయ్యి దగ్గరుంది.

"అత్తా, వెనకగది గోడ ఫొటో మల్లీ తియ్యాల."

"నిన్న తీసినావు కదేటి?"

"నిన్న నిన్ను తీసినాను. గోడ కనిపించనేదు."

"నాను కనిపించినాను గదా, సాల్లే" అని లేచి, వెనకగదిలోకి నడిచి, పగులుకి అడ్డంగా నడుమ్మీద చేతులేసుకుని నిలబడింది. "కావాలంటే ఇలగే తీసుకో."

"ఎలుతురు సరిగ్గా నేదత్తా. కొంచెం ఎడంపక్కకి జరుగు."

"నీ పెల్లి ఫొటోల టక్కులు నా కాడేట్రా?"

ఉమాశంకర్‌కి నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. "అది గోడ కాదత్తా, నీ నెత్తి మీద బండ. నీకేటన్నా అయితే?"

కాశమ్మ గొంతు తగ్గించింది. "ఒరే శంకరా, మనుషులు నేకండా ఇల్లు ఫొటో తీసేది ఎప్పుడురా? అమ్మకానికెట్టినప్పుడు, నేదంటే కూలగొట్టినప్పుడు. నాను రెండూ సెయ్యను. మీ మావ పగలంతా పోర్టులో కలాసీ పని సేసి, సాయంకాలమొచ్చి కట్టినాడు ఈ గోడ. నాను ఇసక మోసినాను. ఆపీసరోలొచ్చి రాసుకుని, నన్ను అట్టుకెల్లి ఏ బడి అరుగు మీదో కూకోబెడతారు. ఆ తరవాత ఈ గడప తొక్కనిత్తారేటి? సెప్పు."

తొక్కనిస్తారని చెప్పడానికి అతనెవరు? కెమెరాతో పాటు వెళ్లి ఆమె పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఇదేటిరా?"

"నువ్వు కదలకపోతే నానూ కదలను."

"మొండెదవా. నీ పెల్లాం నన్ను తిడతాది."

"తిట్టనీ."

ఇద్దరూ అలా నిలబడ్డారు. పొయ్యి మీద పులుసు కుతకుతలాడుతోంది. చూస్తే నవ్వొస్తుంది గానీ, ఆ గోడ సంగతి తెలిసినవాడికి నవ్వు రాదు. చివరికి దిగొచ్చింది ఉమాశంకరే.

"సరే. నువ్వు నేకండా తియ్యను. పగులు పక్కన నిలబడి దాని మీద సెయ్యెట్టు. సాలా?"

"అదీ మాట" అంది కాశమ్మ. కొంగు సర్దుకుంది. జుట్టు నిమురుకుంది. పెళ్లికూతురి పక్కన నిలబడ్డంత బుద్ధిగా పగులు పక్కన నిలబడింది. ఉమాశంకర్ లైటు వేసి, కెమెరా కంటికి ఆనించాడు. ఆ వెలుతురులో పగులు పైనుంచి కిందిదాకా కనిపించింది.

కాశమ్మ చెయ్యి చాచింది. గోడ మీద ఆనాల్సిన వేళ్లు ఆనలేదు, లోపలికి దిగాయి. ఆమె కదల్లేదు. ముఖంలో రంగు మాత్రం మారిపోయింది.

"శంకరా."

"ఏటత్తా?"

"గాలొత్తందిరా."

"ఏటి?"

"సల్లగా ఉంది. సందులో గాలి. ఏళ్లకి తగల్తంది."

మెల్లిగా చెయ్యి వెనక్కి తీసుకుంది. వేళ్లకంటిన సున్నం వంక చూసుకుంది. గోడ వారన పరిచి ఉన్న చాప వంక చూసింది.

"దీని పక్కనే పడుకుంతన్నాను. నిన్న రాతిరి నీ తమ్ముడి కూతురొత్తే దాన్నీ ఇక్కడే పడుకోబెట్టినాను."

వెళ్లి పొయ్యి ఆర్పింది. పులుసు గిన్నె మీద మూత పెట్టి, గుడ్డతో పట్టుకుని వీధి గుమ్మం దాటింది. అక్కడ నిలబడి, "ఇప్పుడు తియ్యి" అంది.

"మరి నువ్వో?"

"నాను బయటుంతాను. నువ్వు తొరగా తీసి వొచ్చీ. గోడకి దూరంగుండు. సిన్నప్పట్నుంచీ ఎంత సెప్పినా ఇనవు."

ఉమాశంకర్ ఒక్కడే మళ్లీ గదిలోకి వెళ్లాడు. పగులు పక్కన తన అరచెయ్యి ఆనించి, రెండో చేత్తో కెమెరా ఎత్తాడు. బయటినుంచి పిలుపు మొదలైంది.

"అయిందేట్రా?"

"అవతంది అత్తా."

"శంకరా, వొచ్చీరా. సాల్లే, వొచ్చీ."

ఇంతసేపూ తన నెత్తి మీద ఆ గోడని మోస్తూ జంకని మనిషి, అతను లోపల ఉంటే రెండు నిమిషాలు ఓర్చుకోలేకపోయింది. మొదటి ఫొటో చెదిరింది. కళ్లు తుడుచుకుని ఇంకోటి తీశాడు. వాన చినుకులు మొదలయ్యాయి. పిలుపు ఆగలేదు, గొంతులో ఏడుపు కూడా చేరింది.

బయటికి రాగానే కాశమ్మ అతని చొక్కా మీది సున్నం గట్టిగా దులిపింది. దులిపినట్టు లేదు, కొట్టినట్టుంది. తర్వాత తలుపు దగ్గరికి లాగి తాళం వేసింది. పులుసు గిన్నె అతని చేతుల్లో పెట్టి మణికట్టు పట్టుకుంది.

"పద. మీ ఇంట్లో నా సాప ఎక్కడేసుకోవాలో సూపించు."