బ్రిడ్జెట్ ఎప్పుడు కూర్చుంటుంది?

పోయిన శనివారం బట్టలు ఉతికినందుకు నాకు చప్పట్లు కొట్టారు. ఏదో మొహమాటానికి కాదు, టూరిస్టు బస్సు దిగి వచ్చినవాళ్ళంతా గట్టిగా కొట్టారు. ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుని నా మోచెయ్యి నిమిరి మరీ వెళ్ళింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను ఉతికిన బట్టలన్నీ ఒకే దండెం మీద ఆరేస్తే ఇక్కడ న్యూజిలాండ్‌లో మేముండే మనురేవాలో మొదలుపెట్టి మా తెనాలి దాకా వస్తాయి. వాటికి ఏనాడూ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చొక్కా కాలర్ మీద మరక పోలేదన్న మాట మాత్రం చాలాసార్లు వినపడింది.

నేను చేసే ఉద్యోగం ఏమిటో చెప్తే తప్ప ఇదంతా అర్థం కాదు. ఆక్లండ్‌కి తూర్పున ఒక పాతకాలపు ఊరుంది. నిజం ఊరు కాదు, మ్యూజియం. నూటడెబ్భై ఏళ్ళ కిందట ఇంగ్లండు రాణిగారి పింఛను సిపాయిలు పెళ్ళాం పిల్లలతో ఓడలెక్కి వచ్చి కట్టుకున్న చెక్క ఇళ్ళను తెచ్చి ఒకచోట నిలబెట్టారు. ఆ ఇళ్ళలో నాలాంటివాళ్ళం అప్పటి గౌన్లు, టోపీలు వేసుకుని, అప్పటివాళ్ళలాగే మాట్లాడుతూ వచ్చినవాళ్ళకి ఆనాటి రోజువారీ బతుకు చూపిస్తాం. అక్కడ నా పేరు బ్రిడ్జెట్. ఐర్లండు సిపాయి పెళ్ళాన్ని. రాగి కాగులో నీళ్ళు మరగబెట్టి, సబ్బు తరిగి వేసి, బారెడు కర్రతో బట్టలు కలియబెట్టడం, రొట్టె కాల్చడం, పొయ్యిలో బూడిద ఎత్తడం నా పనులు. టోపీ పెట్టుకున్నాక గేటు మూసేదాకా నేను బ్రిడ్జెట్‌నే. ఈ కాలపు మాట ఒక్కటి నోరు జారకూడదు. ఒకసారి ఒక చిన్నపిల్ల నన్ను ఎగాదిగా చూసి, ఐర్లండు వాళ్ళు ఇంత నల్లగా ఉంటారా అని అడిగింది. నెలల తరబడి ఓడ మీద ఎండలో వచ్చాను కదమ్మా అన్నాను. ఇంకోసారి కాగు దగ్గరుండగా జేబులో ఫోను బర్రుమంది. కందిరీగ అని చెప్పి గౌను దులుపుకున్నాను. ఆ కందిరీగ మా ఆయన. ఉతికిన యూనిఫాం ఎక్కడుందో కనుక్కోవడానికి చేశాడు.

మా సూపర్‌వైజర్ మేరె. ఈ దేశపు మూలవాసులైన మావోరీల ఆవిడ. ఈ ఇళ్ళు లేచిన నేల అసలు ఎవరిదో చెప్పకపోతే కథ సగమే అంటుంది, ఆ సగం తనే గేటు దగ్గర నిలబడి చెబుతుంది. మా అమ్మాయి డెబోరా స్కూలు ట్రిప్‌కి తోడుగా వెళ్ళినప్పుడు, నోరు ఊరుకోక పిల్లలందరికీ నేనే పొయ్యి గురించి చెప్పేస్తుంటే విని మేరె నన్ను ఈ పనికి పిలిచింది. నాకు నేర్పిన సూత్రం ఒక్కటే. చేసి చూపించి ఊరుకోకు, చేతికివ్వు. చెప్పింది గాలికి పోతుంది, చూసింది ఫోనులోకి పోతుంది, చేసింది మాత్రం ఒంట్లో ఉంటుంది అంటుంది. అందుకని నేను ఎంత పెద్దమనిషి వచ్చినా కర్ర చేతిలో పెట్టేస్తాను. పెట్టి రెండడుగులు వెనక్కి వేస్తాను. తప్పు చేస్తున్నా లాక్కోకూడదు. రగ్బీ ఆడేవాళ్ళంత మగవాళ్ళు తడి దుప్పటి రెండుసార్లు తిప్పేసరికి రొప్పుతారు, పక్కనున్న పెళ్ళాం మొహం ఒకసారి చూసుకుంటారు.

పిల్లలు మాత్రం అందరూ అడిగేది ఒకటే ప్రశ్న. బ్రిడ్జెట్ ఇంట్లో ఉన్నది ఒక్కటే కుర్చీ. అది సిపాయిది. దానికి తాడు కట్టి ఉంటుంది, ఎవరూ ముట్టుకోకూడదు. మరి నువ్వెప్పుడు కూర్చుంటావు అని అడుగుతారు. దానికి మేరె నేర్పిన జవాబు ఉంది. ఆదివారం, చర్చిలో. పెద్దవాళ్ళు నవ్వుతారు. పిల్లలు నవ్వరు.

అప్పటిదాకా పిలిచినప్పుడు వెళ్ళడమే. ఆ చప్పట్లకి ముందు వారం మేరె నన్ను పక్కకి పిలిచి, ప్రతి శనివారం పర్మనెంట్‌గా వస్తావా అంది. వారం లోపల చెప్పకపోతే ఇంకొకరిని చూసుకోవాలంది. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఒక సంగతి ఇంత గట్టిగా కావాలనుకుని ఎన్నాళ్ళయిందో నాకే గుర్తు లేదు. అక్కడ నేను నోరు తెరిస్తే జనం వింటారు. సాయంత్రం గంట కొట్టగానే పని అయిపోతుంది. నిజంగా అయిపోతుంది, పొయ్యి కూడా ఆర్పేస్తారు.

ఇంట్లో చెప్తే మా ఆయన కృపాదానం "చూద్దాంలే" అన్నాడు. మా ఇంట్లో చూద్దాంలే అంటే ఎవరూ చూడరని అర్థం. శనివారమంటే మా ఇంట్లో మామూలు రోజు కాదు. వారానికి సరిపడా కూరలు వండి డబ్బాల్లో పెట్టాలి, ఇల్లు తుడవాలి, ఆదివారం మా తెలుగు ఫెలోషిప్‌లో ఆరాధన అయ్యాక అందరూ తినే బిర్యానీకి మాంసం నానబెట్టాలి. అన్నం తింటూ ఆయనే ఒక జోకు కూడా వేశాడు. "ఇంట్లో చేసేదేగా అక్కడా చేసేది. ఆ టోపీ ఏదో ఇంట్లోనే పెట్టుకుంటే పోలా, పెట్రోలన్నా కలిసొస్తుంది." అందరం నవ్వాం. నేనూ నవ్వి కంచాలు తీశాను. సింకు దగ్గరికి వెళ్ళాక నవ్వు ఆగిపోయింది, ఒళ్ళు మండింది.

మా ఆయన చెడ్డవాడని ఎవరైనా అంటే నేనే ఊరుకోను. రెస్ట్ హోమ్‌లో, అంటే వృద్ధాశ్రమంలో, నర్సు. తొంభై దాటిన షర్లీ అనే ఆవిడ మా ఆయన తన చేత్తో కాచి తాగిస్తే గానీ గంజి ముట్టదు. ఆయన పక్క వేస్తే దుప్పటి మీద ఒక్క ముడత ఉండదని అక్కడ పేరు. ముసలివాళ్ళ గోళ్ళు తీస్తాడు, కాళ్ళకి నూనె రాస్తాడు, ఎవరైనా పోతే ఇంటికొచ్చి పెరట్లో ఒక్కడే కూర్చుంటాడు. ఆ మనసు చూసే నేను ఆయన్ని చేసుకున్నాను. ఆ మనిషే గుమ్మం దాటి లోపలికి రాగానే తన తువ్వాలు తనకి కనపడదు. అదేంటండీ అంటే, "అక్కడ డ్యూటీ కదా" అంటాడు. చాలా అమాయకంగా అంటాడు, అదే నాకు మరీ కోపం.

ఆర్నెల్ల వీసా మీద మా అత్తగారు సువార్తమ్మ వచ్చిన కొత్తలో ఒకరోజు ఆయన పొరపాటున తిన్న కంచం తీసుకుని సింకు వైపు నడిచాడు. "నేనింకా బతికే ఉన్నానురా" అని ఆవిడ కంచం లాక్కుంది. డెబ్భై ఏళ్ళ మనిషి మోకాళ్ళ నొప్పులతో కంచం కడుగుతుంటే చూడలేక నేను ఆవిడ దగ్గర లాక్కున్నాను. అలా కంచం ఇల్లంతా తిరిగి నా చేతికే వచ్చింది. మా అత్తగారికి నా మీద ప్రేమ లేక కాదు. నా తలకి నూనె పెట్టేదీ ఆవిడే, నేను తిన్నానో లేదో గిన్నె మూత తీసి చూసేదీ ఆవిడే.

సరే, ఆ శనివారం చప్పట్లు కొట్టించుకుని, చేతులకి సబ్బు వాసనతో ఇంటికొచ్చాను. టోపీ, ఏప్రాన్ ఉతకడానికి సంచిలో తెచ్చుకున్నాను. సింకు నిండా గిన్నెలున్నాయి. ముగ్గురూ హాల్లో ఉన్నారు. నన్ను చూసి మా ఆయన మొహం విప్పారింది. "వచ్చావా, నువ్వు లేకుండా మాకెవరికీ తినబుద్ధి కాలా" అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో. మధ్యాహ్నం బ్రెడ్డు తిన్నారట. పొయ్యి మీద ఏమీ లేదు. తినబుద్ధి కాకపోవడమంటే వండిపెట్టే మనిషి కోసం ఎదురుచూడటమన్నమాట.

అరుద్దామనుకున్నాను. నోరు తెరిచాను కూడా. కానీ పొద్దుట్నుంచీ ఆ గొంతుతో మాట్లాడి మాట్లాడి ఉన్నానేమో, బ్రిడ్జెట్ గొంతే వచ్చింది. సంచిలోంచి టోపీ తీసి పెట్టుకున్నాను, ఏప్రాన్ కట్టుకున్నాను.

"రండి రండి, వెనకున్నవాళ్ళు కూడా ముందుకి రండి. మీరు చూస్తున్నది మనురేవాలో ఒక వంటిల్లు. మరీ పాతకాలం కాదు, ఈ మధ్యదే."

డెబోరా కిసుక్కున నవ్వి ఫోను ఎత్తింది. మా అత్తగారు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. మా ఆయన గుమ్మానికి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. నేను మొదలుపెట్టాను. ఈ ఇంటి ఇల్లాలి పేరు శిరోమణి. ఈ డబ్బాల్లో దేంట్లో ఏముందో ఆవిడకి ఒక్కదానికే తెలుసు, అందుకని ఆవిడ బయటికెళ్తే ఇల్లు పస్తు. ఇది ఫ్రిజ్. దీని ముందు నిలబడి తినడానికేముందని అరవడం అప్పటి ఆచారం. తలుపు తీసి చూడటం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. ఇవి ఈ ఇంటి పిల్ల సాక్సులు, ఇవి వాటంతట అవే వాషింగ్ మెషిన్‌లోకి నడిచి వెళ్ళేవని ఆ పిల్ల నమ్మకం. డెబోరా ఫోను దించేసింది.

మా ఆయనకి హుషారొచ్చింది. "ఆ ఇంటి మగమనిషి ఎట్టాంటోడండీ?" అని అడిగాడు.

"చాలా మంచివాడండీ. ఊళ్ళో ముసలివాళ్ళందరికీ అన్నం తినిపించి, పక్కలు సర్ది, కాళ్ళకి నూనె రాసి వచ్చేవాడు. ఇంటికి రాగానే చేతులు పనిచేసేవి కావు. ఎందుకో చరిత్ర చదివినవాళ్ళకి కూడా అంతుపట్టలేదు."

డెబోరా పడీ పడీ నవ్వింది. మా ఆయనా నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూ తన చేతులు చూసుకున్నాడు.

ఎవరైనా ప్రశ్నలుంటే అడగొచ్చు అన్నాను, అలవాటు కొద్దీ. అప్పుడు మా అత్తగారు స్కూల్లోలాగా చెయ్యెత్తింది. ఆవిడ మొహంలో నవ్వు లేదు.

"మరి ఆ ఇల్లాలు ఎప్పుడు కూర్చుంటదమ్మాయ్?"

ఆదివారం చర్చిలో అన్న జవాబు నాలిక మీదకి వచ్చింది. కానీ ఆదివారం నేను చర్చి వెనక వంటగదిలో బిర్యానీ వేడిచేస్తూ ఉంటాను. ప్రసంగం గోడ అవతలినుంచి వింటాను.  టోపీ పెట్టుకున్నాక మొదటిసారి బ్రిడ్జెట్ పారిపోయి నేను మిగిలాను.

"కూర్చోదు అత్తయ్యా" అన్నాను.

ఆవిడ చాలాసేపు తన మోకాళ్ళు రుద్దుకుంది. "నేనూ కూర్చోలా. నన్నెవురూ అడగనుగూడా అడగలా" అంది.

 బియ్యం గిన్నె తీసి మా ఆయన చేతిలో పెట్టాను. పెట్టి రెండడుగులు వెనక్కి వేశాను.

"నాకు రాదు శిరోమణీ" అన్నాడు.

"షర్లీకి గంజి ఎవరు కాస్తున్నారండీ?"

"అది డ్యూటీ కదా" అనబోయి ఆగాడు. నా వైపు, వాళ్ళమ్మ వైపు చూశాడు. మా అత్తగారు అలవాటు చొప్పున కుర్చీలోంచి సగం లేచింది. నేనేమీ అనకముందే తనే మళ్ళీ కూర్చుంది. ఆ కూర్చోవడం ఆవిడకి ఎంత కష్టమో నాకు తెలుసు, ఎందుకంటే నా చేతులు కూడా ఆ గిన్నె కోసం లాగేస్తున్నాయి.

ఆయన డ్యూటీ బ్యాగు తెచ్చుకున్నాడు. ప్లాస్టిక్ ఏప్రాన్ కట్టాడు, గ్లోవ్స్ తొడిగాడు. అంతకుముందు మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడిగాడు, ఆపరేషన్‌కి వెళ్తున్నట్టు. పప్పు, బియ్యం కడుగుతుంటే చూశాను, షర్లీ తల కడిగినంత నెమ్మదిగా కడిగాడు. నేను మా అత్తగారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఊరికే కూర్చుంటే ఏం చెయ్యాలో తోచలేదు. ఆవాలెక్కడ అని అడిగాడు. డబ్బాలు తీసి చూడండి అని చెప్పి, ఫోను తీసి మేరెకి మెసేజ్ పెట్టాను. వస్తాను, అన్ని శనివారాలూ. అప్పటికి ఆయనకి ఆవాలు ఇంకా దొరకలేదు.

అన్నం మెత్తబడింది. పప్పులో ఉప్పు లేదు. అదేంటండీ అంటే, రెస్ట్ హోమ్‌లో ఎవరికీ వెయ్యం అన్నాడు. మా అత్తగారు ఆవకాయ కలుపుకుంటూ చాలా బాగుందిరా అని అబద్ధమాడింది. నేను రెండోసారి కూడా పెట్టించుకున్నాను. మేరెకి మెసేజ్ పెట్టేశానని ఆయనకి చెప్పాను. మరి ఆదివారం బిర్యానీ ఎట్లా అన్నాడు. ఫెలోషిప్‌లో వండటానికి బ్రదర్స్ కూడా ఉన్నారు డాడీ అంది డెబోరా.

ఈ శనివారం పొద్దున నేనే బస్సెక్కి వెళ్ళాను. ఆయన నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నాడు. కాగు కింద మంట అందుకునేసరికి పిల్లల గుంపొకటి వచ్చింది. ముందు వరసలో రెండు జడల పిల్ల, తాడు కట్టిన కుర్చీని చూసి, నన్ను చూసి అడిగింది. మరి నువ్వెప్పుడు కూర్చుంటావు?

"మా ఆయన వంట చేస్తున్నప్పుడు" అన్నాను.

పిల్ల సరేనన్నట్టు తలూపింది. దానికందులో వింతేమీ కనపడలేదు. గేటు వైపు నుంచి వస్తున్న మేరె మాత్రం ఆగిపోయింది. పిల్లలు రొట్టెల పొయ్యి దగ్గరికి వెళ్ళాక నా దగ్గరికొచ్చి, ఆ కాలంలో అలా ఏ ఇంట్లోనూ జరిగి ఉండదు కదా అంది.

"ఉండదు" అన్నాను. "పోయిన శనివారం మా ఇంట్లో జరిగింది."