తిత్తికి తాపిన ఆముదం

ఖలందర్ పోలీసు బ్యాండులో చేరి రెండు నెలలైంది. ఈ రెండు నెలల్లో బ్యాగ్‌పైపు మీద ఒక్క పాటన్నా పూర్తిగా వాయించిన పాపాన పోలేదు. గొర్రెతోలు తిత్తిని చంకలో ఇరికించుకుని, బుగ్గలు పూరీల్లా పొంగించి ఊదితే మొదట కీచుమనేది, తర్వాత మూలిగేది, చివరికి గాలిపోయిన ట్యూబులా చతికిలబడేది.

"ఖలందరూ, వాయిస్తాండావా, దాని గొంతు పిసుకుతాండావా?" అని బ్యాండు మాస్టరు ఆదినారాయణ తల పట్టుకున్నాడు. "శనివారం పులివెందుల్లో ర్యాలీ ఉండాది. బస్టాండు కాడ్నుంచి పూలంగళ్ల దాకా నీ శబ్దం తెగిందనుకో, సోమవారం మళ్లా చెక్‌పోస్టుకే పోతావు."

ఆ పేరు వింటేనే ఖలందర్‌కు హడలు. జమ్మలమడుగు దారిలోని ఆ చెక్‌పోస్టు దగ్గర రెండేళ్లు ఎండలో నిలబడి లారీలు ఆపాడు. అతన్ని చూడగానే డ్రైవర్ల మొహాలు మాడిపోయేవి. ఒకరోజు అదే దారిన బ్యాండు పోతుంటే పిల్లలు కేరింతలు కొడుతూ వెంట పరుగెత్తారు. వాళ్లూ పోలీసులే, తనూ పోలీసే. తనను చూసి కూడా ఎవరో ఒకరు సంతోషపడితే బాగుండునని కడుపులోంచి అనిపించింది. అందుకే అర్జీ పెట్టుకున్నాడు.

ప్రొద్దుటూరులో ఇంటి మిద్దె మీద సాధన చేస్తుంటే, వాళ్ల నాయనమ్మ గులాబ్‌బీ మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. మొగుడి కొలిమిలో నలభై ఏళ్లు తిత్తి ఊదిన మనిషి. వస్తూనే తిత్తిని గిల్లి చూసింది.

"ఇదేందిరా, అప్పడం మాదిరి ఎండిపోయిండాది! ఆముదం తాపి ఎన్నాళ్లయింది?"

"ఆముదమా? ఇది గవుర్మెంటు సామాను జేజీ!"

"గవుర్మెంటుదైతే తోలు కాకుండా పోతాదా? మీ జేజినాయన కొలిమి తిత్తికి నెలనెలా తాపతాంటి. రవ్వంత గాలి బయటికి పోయేది కాదు."

శుక్రవారం అతను స్నానం చేసి వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది. అర లీటరు ఆముదం తిత్తిలో పోసి, రొట్టెల పిండిలా పిసుకుతోంది గులాబ్‌బీ. ఖలందర్ లబోదిబోమన్నాడు. ఆమె చెవిన పెట్టలేదు. తిత్తిని అతని చంకలో కుక్కింది.

"ఊపిరి నోట్లో కాదురా, సంకలో ఉండాది. తిత్తి పడిపోకముందే అదుము. ఊదు, అదుము. ఊదు, అదుము."

గంట గడిచింది. శబ్దం ఒక్కసారి కూడా తెగలేదు. ఆ సంబరంలో మిగిలిన నూనె పిండెయ్యాలని ఇద్దరికీ గుర్తే రాలేదు.

శనివారం పులివెందులలో ఎండ మాడ్చేస్తోంది. ఎనిమిది బ్యాగ్‌పైపులు ఠీవిగా బయల్దేరాయి. మొదటి మలుపులోనే ఎండకు తోలు బిగిసి ఒక తిత్తి బుస్సుమంది. తర్వాత ఇంకోటి, ఆ వెనక మరోటి. చివరికి మాస్టరుది కూడా కుయ్యోమని పడిపోయింది. ఖలందర్ ఒక్కడే మిగిలాడు. ఊదాడు, అదిమాడు. శబ్దం తెగలేదు.

కానీ వేడికి పలచబడ్డ ఆముదం గొట్టంలోకి దిగి, రంధ్రాల్లోంచి కారడం మొదలుపెట్టింది. వేళ్లు జర్రున జారాయి. కవాతు పాట కాస్తా పెళ్లి ఊరేగింపు చిందుగా మారిపోయింది. డ్రమ్ముల వాళ్లు మాత్రం ఏం చేస్తారు పాపం, ఆ వరసే అందుకున్నారు. పిల్లలు ఎగిరారు, అంగళ్లలో వాళ్లు ఫోన్లలో వీడియోలు తీశారు, ఖలందర్ తెల్ల ప్యాంటు మీద నూనె చారలు పాదాల దాకా దిగాయి.

పూలంగళ్ల దగ్గర ఆగాక ఆదినారాయణ వచ్చి వాసన చూశాడు. "ఆముదమా?"

"మా జేజి పోసింది సార్," అన్నాడు ఖలందర్ తల వంచుకుని. ఇక చెక్‌పోస్టే గతి అనుకున్నాడు.

మాస్టరు చంకలో వేలాడుతున్న తన తిత్తిని కాసేపు తడుముకున్నాడు. "సోమవారం మీ జేజిని గ్రౌండుకు రమ్మనప్పా. ఇంకా ఏడు తిత్తులుండాయి."

ఆ మరుసటి వారం బ్యాండు వ్యాను జమ్మలమడుగు చెక్‌పోస్టు దాటుతోంది. పక్కన ఆగిన లారీ డ్రైవరు కిటికీలో ఖలందర్‌ను చూశాడు. ఫోన్లో చూసిన మొహమని గుర్తుపట్టి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

"ఓ ఆముదం సారూ! ఒక్కతూరి ఊదు సారూ!"

వ్యానంతా గొల్లుమంది. ఇన్నాళ్లలో ఆ చోట తనను చూసి నవ్విన మొదటి లారీ డ్రైవరు అతనే. ఖలందర్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. తిత్తిని చంకలోకి తీసుకుని, మాస్టరు వద్దంటున్నా వినకుండా ఊదాడు.