హెడ్‌లైట్లకు పసుపు

మంగరాజు కారుకు రెండు కళ్లకూ శుక్లాలొచ్చాయి. దుబాయ్ అల్ ఖూజ్ ఎండలో ఏళ్ల తరబడి నిలబడి, హెడ్‌లైట్ల అద్దాలు పచ్చబడి మసకేశాయి. ఎవరో వాడి వదిలేసిన కారే అయినా, కొన్నప్పటి నుంచీ మంగరాజు దాన్ని కొత్త కారనే పిలుస్తాడు.

ఇప్పుడది శనివారం పొద్దున్న టెస్టింగ్‌లో పాసవ్వాలి. లేకపోతే రోడ్డెక్కడానికి వీల్లేదు. అల్ ఐన్ ఊళ్లో ఇంటిపని చేస్తున్న అతని భార్య వీరదుర్గకు మేడమ్ సెలవిచ్చిందీ ఆ శనివారమే. నాలుగు నెలల తర్వాత మొగుడొస్తున్నాడని, అదీ సొంత కారులో వస్తున్నాడని, ఆవిడ ఆ వీధిలో పనిమనుషులందరికీ చాటింపు వేసేసింది. ఇక బస్సు దిగితే మంగరాజు పరువేం కావాలి?

శుక్రవారం మధ్యాహ్నం వర్క్‌షాపులో పనిచేసే కర్నూలు రమీజ్ వాటర్ పేపర్ పట్టుకుని కూర్చున్నాడు. నీళ్లు చల్లుతూ రుద్దేకొద్దీ అద్దం పాలలా తెల్లబడిపోయింది. మంగరాజు గబుక్కున రమీజ్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఉన్న చూపు కూడా పోగొట్టేశావు కదా భాయ్!"

"సబర్ కరో, కాస్త ఓపిక పట్టు," అన్నాడు రమీజ్. తర్వాత పాలిష్ రాసి మిషన్ తిప్పితే అద్దాలు తేటబడ్డాయి. మంగరాజు వాటిలో మొహం చూసుకుని మీసం సర్దుకున్నాడు.

"పైన కోటింగ్ బాకీ ఉంది. డబ్బా ఖలాస్. అది తెచ్చి వేసేదాకా దానికేమీ పూయొద్దు భాయ్."

పూయడమంటే రంగో, ఆయిలో అనుకున్నాడు మంగరాజు. పసుపు సంగతి రమీజ్ చెప్పనూ లేదు, ఇతనికి తట్టనూ లేదు.

సాయంత్రం రూములో అందరికీ పెద్దవాడైన అప్పాజీ గారు కారు చుట్టూ తిరిగి చూశారు. "చూపొచ్చిన బండిరా ఇది! పసుపు కుంకం ఎట్టకుండా రోడ్డెక్కిత్తావా?" అంటూ గిన్నెడు పసుపు కలిపారు. పెద్దాయనది ధారాళమైన చెయ్యి. గడపకు పూసినట్టు రెండు హెడ్‌లైట్లకూ నిండుగా పట్టించేశారు.

పొద్దున్నే మంగరాజు తువ్వాలు తడిపి తుడిచాడు. పూసిన ముద్ద వచ్చింది, కోటింగ్ లేని అద్దం పీల్చుకున్న రంగు మాత్రం రాలేదు. టెస్టింగ్‌లో ఇన్‌స్పెక్టరు వంగి చూసి, "పీలా లైట్? ఫెయిల్! సాఫ్ కర్‌కే లావో," అంటూ ఆ పచ్చదనం పోగొట్టి తెమ్మన్నాడు.

మంగరాజు కారు అక్కడే ఓ పక్కకు పెట్టి, తువ్వాలు కారు మీద పడేసి కూలబడ్డాడు. అంతలో వీరదుర్గ ఫోను.

"బయల్దేరారాండీ?"

"దారిలో ఉన్నానే," అనేశాడు. ఏడుపొచ్చింది. చాలాసేపటికి కళ్లు తుడుచుకుందామని తువ్వాలు అందుకుని ఆగిపోయాడు. ఎండ తగిలిన మడత తెల్లగా పాలిపోయింది. లోపలి మడత ఇంకా పచ్చగానే ఉంది.

అంతే, కారు మొహం సూర్యుడి వైపు తిప్పాడు. సూర్యుడు జరిగినప్పుడల్లా లేచి కారునూ జరిపాడు. ఇన్‌స్పెక్టర్లు వాళ్లలో వాళ్లు నవ్వుకున్నారు. ఇన్నేళ్లూ తిట్టిపోసిన ఎండను మంగరాజు మొదటిసారి బతిమాలుకున్నాడు. మధ్యాహ్నం దాటాక అద్దాల మీద పసుపు జాడ పోయింది. అదే ఇన్‌స్పెక్టరు మళ్లీ వంగి చూసి, "పాస్! యల్లా!" అంటూ వెళ్లమని చెయ్యి ఊపాడు.

అల్ ఐన్ చేరేసరికి పొద్దు గూకుతోంది. వీరదుర్గ కొత్త చీర కట్టుకుని, నలుగురు స్నేహితురాళ్లతో గేటు దగ్గరే ఉంది. ఆవిణ్ణి చూడగానే మంగరాజు గబగబా కారు దిగాడు.

"ఎంతసేపండీ? దుబాయ్ నుంచొచ్చారా, మనూర్నుంచొచ్చారా?" అంటూనే ఆవిడ హెడ్‌లైట్లు చూసి ఆగిపోయింది. "అబ్బో, ఎలా మెరిసిపోతన్నాయో! దిష్టి తగులుద్ది." బ్యాగులోంచి చిన్న డబ్బా తీసి మూత తెరిచింది. దాన్నిండా తడి పసుపు.

మంగరాజు ఒక్క గెంతులో కారుకు అడ్డం నిలబడి రెండు చేతులూ చాపాడు. "దానికొద్దే తల్లీ, నీకు దణ్ణం పెడతాను! ఎట్టాలనుంటే నాకెట్టు."

ఏమీ అర్థం కాకపోయినా వీరదుర్గ నవ్వేసి, అతని నుదురంతా పసుపు పూసి కుంకం దిద్దింది. స్నేహితురాళ్లంతా చూస్తుండగా, ఆ పచ్చటి మొహంతోనే మంగరాజు ఆవిడకు ముందు సీటు తలుపు తీశాడు.